గ్రేస్ హాపర్

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున సరూర్‌నగర్ చెఱువు కలదు. అది 1626వ సంవత్సరమున నిర్మింపబడినది. చెఱువును త్రవ్వించుట ఒక పని. దానిని నిలుపుకొనుట వేఱొక పని. వానలకు ముందే కట్టకు మన్ను వేయవలెను, తూమును సరిచూడవలెను, పూడిక తీయవలెను, మత్తడి నీరు పోవు దారిని శుభ్రము చేయవలెను. పూర్వము తెలంగాణపు గ్రామములలో ఈ పనులను కనిపెట్టి చూచుటకు నీరటికాండ్రు ఉండెడివారు. చుట్టును నగరము పెరిగినకొలది సరూర్‌నగర్ చెఱువులోనికి మురుగునీరు చేరి అది క్షీణించెను. 2003-04 సంవత్సరములలో దానిని మరల బాగుచేయవలసివచ్చెను. నిర్మించినవారు ఎంత నేర్పరులైనను, తరువాతివారు కాపాడనిచో ఏ నిర్మాణమును నిలువదు.

ఆ చెఱువునకు సమీపముననున్న దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు విద్యను నేర్పు శిక్షణాలయములు పెక్కు వెలసినవి. అచ్చటి విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొందురు. కంప్యూటరు ఏ పని తరువాత ఏ పని చేయవలెనో తెలుపు ఆజ్ఞల వరుసయే ప్రోగ్రాము. అట్టి ప్రోగ్రాములకే సాఫ్ట్‌వేరు అని పేరు. దానికి తుప్పు పట్టదు, చెదలు పట్టవు. అయినను చెఱువునకు వలెనే దానికిని ఎడతెగని సంరక్షణము కావలెను. పన్నుల లెక్క మారును. క్రొత్త యంత్రము వచ్చును. దాగియున్న తప్పు బయటపడును. ఆనాటికి ఆ ప్రోగ్రామును వ్రాసినవారు ఉండకపోవచ్చును. అప్పుడు వేఱొకరు దానిని చదివి, గ్రహించి, సరిదిద్దవలెను. ఒకరు వ్రాసినదానిని మఱియొకరు చదువుకొనుటకు వీలగునట్లు ప్రోగ్రాములను వ్రాయవచ్చునని లోకమునకు చూపినవారిలో గ్రేస్ హాపర్ అగ్రగణ్యురాలు.

గ్రేస్ 1906 డిసెంబరు 9వ తేదీన అమెరికా దేశమందలి న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల వయస్సున ఆమెకు అలారము గడియారము ఎట్లు నడచునో తెలిసికొనవలెనని కోరిక కలిగెను. ఒకదానిని విప్పెను. దానిని తిరిగి కూర్చుట చేతగాక రెండవదానిని విప్పి చూచెను. తల్లి వచ్చి చూచునప్పటికి ఇంటిలోని ఏడు గడియారములును ముక్కలై పడియుండెను. తల్లి ఆ కుతూహలమును అణచివేయక, ఇకమీదట ఒక్క గడియారముతోనే ప్రయోగములు చేసికొమ్మని కట్టడి చేసెను. ఆ తల్లికి గణితమనిన మిక్కిలి ప్రీతి. ఆ ప్రీతియే కుమార్తెకును అబ్బినది.

గ్రేస్ వాసర్ కళాశాలలో చదివి 1928లో పట్టము పొందెను. తరువాత యేల్ విశ్వవిద్యాలయమున గణితశాస్త్రమునందు పరిశోధన చేసి 1934లో డాక్టరు బిరుదము నందెను. 1930లో విన్సెంట్ హాపర్‌ను వివాహమాడుటచే ఆమెకు గ్రేస్ హాపర్ అను పేరు వచ్చినది. 1931 మొదలు ఆమె తాను చదివిన కళాశాలలోనే గణితము బోధించుచుండెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఆమె ముత్తాత నౌకాదళమున ఉన్నతోద్యోగి. ఆమెయు నౌకాదళమున చేరగోరెను. కాని వయస్సు ఎక్కువ. శరీరపు బరువు నియమితమైన దానికంటె తక్కువ. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి, 1943 డిసెంబరులో దళమున చేరెను. శిక్షణమునందు తన తరగతిలో ప్రథమురాలై, 1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమందలి మార్క్ వన్ అను గణనయంత్రమునొద్ద నియమింపబడెను. అది 51 అడుగుల పొడవుగల పెద్ద యంత్రము. కాగితపు పట్టీపై రంధ్రములు చేసి దానికి ఆజ్ఞలను అందించెడివారు. దానికి అధిపతి హోవర్డ్ ఐకెన్. ఆ యంత్రమును నడపువిధము తెలుపు గ్రంథమును వ్రాయుమని ఆయన హాపర్‌ను ఆజ్ఞాపించెను. అంతకుముందు ఆమె గ్రంథరచన చేసియుండలేదు. అయినను పూనుకొని వ్రాసెను. ఐదువందల పుటలకు మించిన ఆ గ్రంథము 1946లో వెలువడినది. తెలిసినదానిని తరువాతివారికై వ్రాసిపెట్టవలెనను పాఠము ఆమెకు అచ్చటనే అలవడినది.

1947 సెప్టెంబరులో ఆ బృందమువారి మార్క్ టూ యంత్రము సరిగా పనిచేయకుండెను. వెదకి చూడగా లోపల ఒక చిమ్మెట చిక్కుకొనియుండెను. దానిని దినచర్య పుస్తకములో అంటించి వివరము వ్రాసిరి. ఆంగ్లమున పురుగునకు బగ్ అని పేరు. యంత్రములలోని లోపమును బగ్ అనుట అంతకుముందే ఇంజనీర్లలో వాడుకగా ఉండెను. నిజముగానే పురుగు దొరికినందున వారందరు నవ్వుకొనిరి. చిమ్మెటను కనుగొన్నది హాపర్ కాదు. కాని ఈ కథను ఆమె పలుమారు చెప్పుటచే అది లోకమంతట ప్రసిద్ధమాయెను.

యుద్ధానంతరము, 1949లో, ఆమె ఫిలడెల్ఫియాలో యూనివాక్ యంత్రమును నిర్మించుచున్న సంస్థలో చేరెను. ఆ కాలమున ప్రోగ్రాములను అంకెల సంకేతములతో వ్రాసెడివారు. ఒకరు వ్రాసిన భాగము మఱియొకరికి కావలసివచ్చినచో, నోటు పుస్తకము చూచి చేతితో నకలు వ్రాసికొనుచుండిరి. క్రొత్త ప్రోగ్రాములో ఆ భాగము వేఱొక చోట ఉండును గనుక, అందలి స్థానసంఖ్యలన్నిటిని మరల లెక్కకట్టి మార్చవలసియుండెను. నకలులో తప్పులు, కూడికలో తప్పులు దొరలుచుండెను. నకలు వ్రాయుటయు కూడుటయు యంత్రము చక్కగా చేయగల పనులే కదా, వానిని యంత్రమునకే ఏల అప్పగింపరాదు అని హాపర్ ఆలోచించెను. ఆ ఆలోచన ఫలితముగా 1952 నాటికి ఆమె ఒక ప్రోగ్రామును సిద్ధపఱచెను. అది ముందే వ్రాసియుంచిన భాగములను తానే తెచ్చి, కూర్చి, నడుపుటకు అనువైన పూర్తి ప్రోగ్రాముగా చేయును. కూర్చునది గనుక దానికి కంపైలరు అని పేరుపెట్టెను. కంప్యూటరు లెక్కలు మాత్రమే చేయగలదు, ప్రోగ్రాములను వ్రాయజాలదు అని పలువురు దానిని నమ్మరైరి.

ఆమె అంతటితో ఆగలేదు. వర్తకులును, కార్యాలయ ఉద్యోగులును సంకేతములకంటె మాటలనే ఇష్టపడుదురని ఆమె గ్రహించెను. కావున ఆంగ్లపు మాటలతో ఆజ్ఞలు వ్రాయు పద్ధతిని ప్రతిపాదించెను. కంప్యూటరునకు ఆంగ్లము తెలియదని అధికారులు త్రోసిపుచ్చిరి. మాటయైనను యంత్రమునకు ఒక గుర్తే యని చూపుటకై ఆమె ఫ్రెంచి, జర్మను మాటలతో వ్రాసిన ఆజ్ఞలను గూడ యంత్రముచే నడిపించి చూపెను. అమెరికాలో చేసిన యంత్రమునకు పరభాషలు ఎట్లు తెలియునని వారు మఱింత కలవరపడిరి. ఆంగ్లము మాత్రమే వాడుదునని ఆమె వారికి నచ్చచెప్పవలసివచ్చెను. ఇట్లు కొన్ని సంవత్సరములు శ్రమించి ఆమె బృందము ఫ్లో-మాటిక్ అను భాషను రూపొందించెను.

మఱియొక చిక్కు మిగిలియుండెను. ఒక్కొక్క సంస్థ యంత్రమునకు ఒక్కొక్క భాష. యంత్రమును మార్చినచో పాత ప్రోగ్రాములన్నియు వ్యర్థములగుచుండెను. ఏండ్ల శ్రమ ఒక్క దినమున వృథాయగుట అందరికిని భారమాయెను. 1959లో ప్రభుత్వమువారును, యంత్రములను చేయువారును, వాడువారును కూడి అన్ని యంత్రములకును చెల్లు ఒక భాషను నిర్మింప నిశ్చయించిరి. ఆ భాషయే కోబాల్. దానిని రచించినది హాపర్ ఒక్కతె కాదు; జీన్ సామెట్ మున్నగువారు గల సంఘము దానిని రూపొందించెను. హాపర్ సలహాదారుగా ఉండెను. ఆమె ఫ్లో-మాటిక్ భాష దానికి ముఖ్యమైన పునాదియాయెను. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు సంస్థల యంత్రములపై నడిపి చూపిరి. యంత్రము మారినను ప్రోగ్రాము బ్రతికియుండగలదని నాడు ఋజువైనది.

1966 చివర నౌకాదళము ఆమెకు విశ్రాంతి నిచ్చెను. కాని ఆ దళములోనే కోబాల్ పలువిధములుగా చీలిపోవుచుండెను. ఒకచోట నడచు ప్రోగ్రాము మఱియొకచోట నడువకుండెను. దీనిని చక్కబెట్టుటకై 1967లో ఆమెను ఆరు మాసములకని మరల పిలిచిరి. ఆ ఆరు మాసములు దాదాపు పందొమ్మిది సంవత్సరములైనవి. ప్రతి కంపైలరును నియమానుసారముగా ఉన్నదా లేదా యని తేల్చు పరీక్షలను ఆమె బృందము సిద్ధపఱచెను.

హాపర్ ఉత్తమోపాధ్యాయురాలు. ఇంచుమించు 30 సెంటీమీటర్ల తీగముక్కలను విద్యార్థులకు పంచిపెట్టి, సెకనులో నూఱుకోట్లవ వంతు కాలమున వెలుగు అంత దూరమే పోగలదని బోధించుచుండెను. ఆమె గదిలో ముండ్లు వెనుకకు తిరుగు గడియారముండెడిది. వాడుకలో ఉన్నంతమాత్రమున ఒక పద్ధతి మార్పరానిది కాదని దానిని చూచి అందరు తెలిసికొనవలెనని ఆమె ఉద్దేశము.

1986 ఆగస్టు 14వ తేదీన, తన 79వ యేట, రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె పదవీవిరమణ చేసెను. ఆ ఉత్సవము బోస్టనులో కాన్‌స్టిట్యూషన్ అను ఓడపై జరిగినది. 1797లో నీట దిగిన ఆ కొయ్య ఓడ, చెడిన పలకలను ఎప్పటికప్పుడు మార్చుచు వచ్చుటచేతనే నేటికిని తేలుచున్నది. హాపర్ 1992 జనవరి 1వ తేదీన మరణించెను.

ఆమె మరణించిన ఎనిమిదేండ్లకు ఆమె బోధించిన విషయమునకు గొప్ప పరీక్ష వచ్చినది. పూర్వము వివరములను 80 గడుల అట్టలపై రంధ్రములు చేసి నిలుపుచుండిరి. చోటు కలిసివచ్చునని సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసిరి. 1985కు 85 అనిరి. ఆ ప్రోగ్రాములు శతాబ్దాంతము వరకు నిలుచునని చాలమంది తలపలేదు. కాని అవి నిలిచినవి. 1985లో దాచిన ధనమునకు 1999లో వడ్డీ కట్టునపుడు యంత్రము 99 నుండి 85 తీసివేసి 14 ఏండ్లని చెప్పును. 2000లోనో, సున్న నుండి 85 తీసివేయవలసివచ్చును! బ్యాంకులు, కార్యాలయములు కలవరపడినవి.

అప్పుడు లక్షలకొలది పంక్తులను వెదకి సరిదిద్దు పని పడెను. ఆ పనికై హైదరాబాదునందును ఇతర పట్టణములందును ఎందఱో తెలుగు యువకులు, యువతులు కోబాల్ నేర్చిరి. కొందఱు ఇచ్చటనుండియే పనిచేసిరి; కొందఱు అమెరికాకు పోయిరి. ముప్పదియేండ్ల క్రిందట, ఎన్నడును చూడని దేశమున, పేరైనను తెలియని వారు వ్రాసిన ప్రోగ్రాములను వారు చదివి గ్రహింపగలిగిరి. మాటలతో వ్రాయు పద్ధతికై హాపర్ పడిన పాటు అక్కఱకు వచ్చినది. అయితే అందరును పనిని పూర్తిగా చేయలేదు. కొందఱు సంవత్సరమును నాలుగంకెలకు పెంచక, చిన్న సంఖ్యలను క్రొత్త శతాబ్దమునకు చెందినవిగా ఎంచు ఉపాయముతో సరిపుచ్చి, మిగిలిన భారమును రాబోవువారికి వదలిరి.

2000 జనవరి 1 వచ్చెను. చెప్పుకొనదగిన ఆపద ఏదియు కలుగలేదు. ఇంత శ్రమ ఎందులకని కొందఱు పరిహసించిరి. తెగని కట్టను ఎవరును కొనియాడరు. తెగకుండుటయే నీరటికాని పనితనమని తెలిసినవారు కొందఱే. కోబాల్ భాషయును 1968 మొదలు 2023 వరకు పలుమారు సంస్కరింపబడి ఇంకను బ్యాంకులలో పనిచేయుచున్నది.

క్రొత్తదానిని నిర్మించువారికి కీర్తి సులభముగా వచ్చును. ఉన్నదానిని కాపాడువారి పేర్లు మఱుగున పడును. తన తరువాత రాబోవు అపరిచితుని తలచుకొని, అతనికి తెలియునట్లు వ్రాయుట ఒక ధర్మము. ఆ ధర్మమును యంత్రయుగమున నెలకొల్పుటకు గ్రేస్ హాపర్ జీవితమంతయు పాటుపడెను. దిల్‌సుఖ్‌నగర్‌లో నేడు ప్రోగ్రాము వ్రాయుచున్న విద్యార్థి వ్రాతను ముప్పదియేండ్ల పిమ్మట ఎవరో ఒకరు విప్పి చదువుదురు. వారు దానిని సులభముగా గ్రహించి సరిదిద్దగలిగినచో, అతడు తన పనిని నిజముగా పూర్తిచేసినవాడగును.