పనితనాన్ని పుస్తకానికెక్కించిన ఉస్తాద్ అల్ జజరీ

ముస్లిం చరిత్రలో గొప్పవారి పేర్లు చెప్పమంటే మనం హదీసువేత్తల పేర్లు, ధర్మశాస్త్ర పండితుల పేర్లు, హకీముల పేర్లు చెబుతాం. సుత్తి, ఆకురాయి పట్టి పనిచేసిన వారి పేర్లు సాధారణంగా ఎవరి నోటా రావు. వారిలో చాలామంది పనితనం వారి చేతులతోనే మట్టిలో కలిసిపోయింది. అలా కలిసిపోకుండా తన హునర్‌ను అక్షరాల్లో భద్రపరచి వెళ్ళిన మహనీయుడు బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయీల్ ఇబ్నుర్రజ్జాజ్ అల్ జజరీ.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ ఉన్న ఎగువ ప్రాంతాన్ని అరబ్బులు అల్ జజీరా అనేవారు. జజరీ అనే పేరు ఆ నేలను బట్టి వచ్చిందే. హిజ్రీ 577 (క్రీ.శ. 1181-82)లో ఆయన అర్తుఖీ వంశ పాలకుల కొలువులో చేరారు. 1183లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ ఆమిద్ నగరాన్ని జయించి ఈ వంశం వారికి అప్పగించారు. నేడు తుర్కియేలో ఉన్న దియార్‌బకర్ నగరమే ఆనాటి ఆమిద్. తండ్రి, ఆయన పెద్ద కుమారుడు, ఆ తర్వాత చిన్న కుమారుడు నాసిరుద్దీన్ మహమూద్, ఇలా ముగ్గురు ప్రభువుల వద్ద జజరీ పాతికేళ్ళకు పైగా పనిచేశారు. ఆమిద్ రాజభవనానికి పోత పోసిన ఇత్తడి తలుపు కూడా ఆయన చేతిపనే.

ప్రభువు ఆదేశం

జజరీ చేసిన యంత్రాలను చూసి ముచ్చటపడిన నాసిరుద్దీన్, ఈ విద్య ఆయనతోనే అంతరించిపోకూడదని తలచారు. చేసిన వాటన్నిటినీ బొమ్మలతో సహా రాసిపెట్టమని కోరారు. ఆ గ్రంథం 1206లో పూర్తయింది. అందులో ఆరు భాగాలు, యాభై యంత్రాలు ఉన్నాయి. గడియారాలు, పానపాత్రలు, చేతులు కడిగే కూజాలు, ఫౌంటెన్లు, నీళ్ళు తోడే యంత్రాలు, తాళాల వంటి ఇతర వస్తువులు. ప్రతి భాగానికీ బొమ్మ వేసి, బొమ్మలోని ప్రతి ముక్కకూ గుర్తుగా ఒక అక్షరం పెట్టి, దాన్ని ఎలా చేయాలో వరుసగా వివరించారు. అదే ఏడాది మరో లేఖకుడు తీసిన ప్రతి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ గ్రంథాలయంలో ఉంది. ఆ ప్రతి తయారయ్యేనాటికే జజరీ కన్నుమూశారు. పుస్తకం కొన్ని నెలలు ఆలస్యమై ఉంటే ఈ విద్యంతా ఆయనతోపాటే సమాధి అయ్యేది.

ఆయన యంత్రాల వెనుక అవసరాలూ ఉన్నాయి. వజూ చేసేటప్పుడు సేవకుడో దాసియో తన చేతుల మీద నీళ్ళు పోయడం ఒక ప్రభువుకు నచ్చలేదు. ఆయన కోరిక మేరకు, తనంతట తానే నీళ్ళు పోసే బొమ్మను జజరీ తయారుచేశారు.

ఆయన ఏనుగు గడియారం మన దేశపు గడియ లెక్క మీద నడిచేదే. అడుగున చిల్లు ఉన్న గిన్నెను నీటిలో వదిలితే అది నిండి మునిగే వేళను గడియగా లెక్కించడం మన పెద్దలకు తెలిసిన పద్ధతి. జజరీ ఆ గిన్నెను ఏనుగు కడుపులో అమర్చారు. అది అరగంటకోసారి మునుగుతూ, దారం లాగి, పైనున్న బొమ్మలను కదిలిస్తుంది.

పళ్ళ చక్రాలు

నీళ్ళు తోడే యంత్రంలో ఆయన పనితనం మరింత బాగా కనిపిస్తుంది. గానుగెద్దులా గుండ్రంగా తిరిగే జంతువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. నీళ్ళు ఎత్తే పొడవాటి దోనె దగ్గర ఉండే చక్రానికి చుట్టూ పళ్ళు ఉండవు, అంచులో కొంత మేరకే ఉంటాయి. ఆ పళ్ళు తగులుకున్నంతసేపూ దోనె పైకి లేచి నీళ్ళు కుమ్మరిస్తుంది. పళ్ళు లేని చోటు రాగానే అది తిరిగి నీటిలోకి దిగుతుంది. ఎక్కడ పన్ను ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తెలిసినవాడే ఇలాంటి చక్రం చేయగలడు.

చెక్క వంగిపోకుండా పలకలను ఒకదానిపై ఒకటి అతికించడం, తడి ఇసుక నింపిన పెట్టెల్లో లోహాన్ని పోత పోయడం, చక్రం ఒకవైపుకు బరువు తూగకుండా సరిచూడడం, ముందు కాగితంతో నమూనా చేసి చూడడం, ఇవన్నీ ఆయన రాసిపెట్టారు. పూర్వీకుల గ్రంథాలను గౌరవించారు. అయితే చేసి చూడనిదే దేనినీ నమ్మలేదు.

లేతు షాపుల ఉస్తాద్‌లు

ఈ కథ మనకెందుకని అడిగే వారుంటారు. దర్శి వంటి ఊళ్ళలోని లేతు షాపులకు కొత్త మిషన్లు కొనే స్తోమత ఎక్కడిది? ఎక్కడో వాడి వదిలేసిన పాత లేతు వస్తుంది, దానితోపాటు పళ్ళు విరిగిన గేర్లూ వస్తాయి. చక్ బిగుసుకుపోయినప్పుడు బ్యాక్ గేరు వేసి స్పిండిల్‌ను ఆపి, చక్‌ను సుత్తితో కొట్టడం కొందరికి అలవాటు. ఆ దెబ్బ బరువంతా ఒకటి రెండు పళ్ళ మీద పడుతుంది. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడితే కొత్త గేరు దొరకదు.

అప్పుడు ఉస్తాద్ చేతి విద్యే దిక్కు. విరిగిన పన్ను మొదట్లో గాడి తీసి, ఇనుప ముక్కను బిగువుగా దిగ్గొట్టి, మరలతో బిగిస్తారు. లేదా గేరును నెమ్మదిగా వేడిచేసి ఇత్తడి పోసి నింపుతారు. బాగున్న పన్నును చూసి రేకుతో అచ్చు కత్తిరించి, దానికి సరిపోయే వరకూ ఆకురాయితో రాస్తారు. చివరికి మసి పూసి జత గేరుతో తిప్పి, ఎక్కడ ఒరుసుకుంటుందో చూసి ఆ చోట సరిచేస్తారు.

ఇందులో లెక్క కూడా ఉంది. పళ్ళ సంఖ్యకు రెండు కలిపి, ఆ మొత్తంతో గేరు బయటి వ్యాసాన్ని భాగిస్తే పన్ను పరిమాణం తెలుస్తుంది. నలభై పళ్ళ గేరు 84 మిల్లీమీటర్లు ఉంటే, 84ను 42తో భాగించగా 2 వస్తుంది. దాన్నే మాడ్యూల్ అంటారు. మామూలు తిన్నని పళ్ళ గేరుకు ఈ లెక్క సరిపోతుంది. గేరు మొత్తం పొడైపోయినా, పళ్ళ సంఖ్య, మాడ్యూల్, మందం, నడిమి రంధ్రం కొలత ఎక్కడైనా రాసి ఉంటే పట్నంలో కొత్తది కోయించుకోవచ్చు. రాసి లేకపోతే మిషను మూలన పడుతుంది, దాన్ని నమ్ముకున్న ఇల్లూ దెబ్బతింటుంది.

మన పిల్లలు ఎంతోమంది చిన్న వయసులోనే బడి మాని ఈ షాపుల్లో చేరుతున్నారు. పని కంటితో చూసి నేర్చుకుంటారు, లెక్క మాత్రం నేర్చుకోరు. ఉస్తాద్ వృద్ధుడై ఇంటిపట్టున ఉండిపోతే సగం విద్య ఆయనతోనే పోతుంది. చదువురాని పని అని లోకం దాన్ని చులకన చేస్తుంది. లోకంతోపాటు మనమూ చేస్తున్నాం.

1976లో లండన్‌లో ఇస్లామీయ ప్రపంచ ఉత్సవం జరిగినప్పుడు, జజరీ రాసిన కొలతలను బట్టి ఆయన పెద్ద నీటి గడియారాన్ని అక్కడి సైన్స్ మ్యూజియంలో మళ్ళీ నిర్మించారు. అది నడిచింది. ఏడున్నర శతాబ్దాలకు పైగా గడిచినా ఆ ఉస్తాద్ మాట పని నేర్పగలిగింది.

మన ఉస్తాద్‌ల వెనుక రాజులు లేరు. కానీ రెండు కాగితాలు, ఒక పెన్సిలు చాలు. తమ లేతుకు ఉన్న గేర్లెన్ని, ఒక్కోదానికి పళ్ళెన్ని, ఏది ఎందుకు విరిగింది, ఎలా బాగుచేశారు, ఇవి ఉర్దూలోనో తెలుగులోనో ఒక నోటు పుస్తకంలో రాయించండి. ఉస్తాద్‌కు చదువు రాకపోతే ఆయన చెబుతుంటే షాపులో కుర్రవాడు రాయాలి. రాస్తూ రాస్తూ ఆ కుర్రవాడు లెక్కా నేర్చుకుంటాడు, చదువూ నిలుపుకుంటాడు. జజరీని గౌరవించడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు.