నర్సులకూ అలసట ఉంటుంది.. 170 ఏళ్ల కిందటే గుర్తించిన ఫ్లోరెన్స్ నైటింగేల్!

ఇబ్రహీంపట్నం (జగిత్యాల జిల్లా): ఊళ్లో ఎవరికైనా సీరియస్ అయితే బండి మెట్‌పల్లికో, కోరుట్లకో, జగిత్యాలకో తీయాల్సిందే. అక్కడ ముందుగా మన చెయ్యి పట్టుకునేది సిస్టరే. వార్డు నిండా పేషెంట్లు, ఆపై నైట్ డ్యూటీ. ఆమె నోటి నుంచి ఓ మాట విసురుగా వస్తే మనకు కోపం. ఆ అలసట సంగతి ఎప్పుడో పట్టించుకున్న మనిషి నైటింగేల్.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టారు. ఆ ఊరి పేరే పెట్టారు. కలిగిన ఇంగ్లిష్ కుటుంబం. అప్పట్లో నర్సు పనంటే చిన్నచూపు. ఇంట్లో వాళ్లు ససేమిరా అన్నా ఆమె వినలేదు.

1853లో లండన్ హార్లీ స్ట్రీట్‌లో ఓ చిన్న ఆస్పత్రి బాధ్యత తీసుకున్నారు. ఆమె పట్టుబట్టి అడిగినవి ఏంటో తెలుసా? ప్రతి అంతస్తుకూ పైపులో వేడినీళ్లు, భోజనం పైకి చేర్చే లిఫ్టు, ఏ పేషెంట్ పిలిచారో తెలిసే గంట. మెట్లెక్కి దిగడానికే నర్సు ఒపిక అయిపోతే రోగిని చూసేదెప్పుడు? ఇదీ ఆమె లెక్క.

1854 నవంబర్‌లో క్రిమియా యుద్ధ క్షతగాత్రుల కోసం 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి చేరారు. మురుగు, ఎలుకలు, కిక్కిరిసిన వార్డులు. టీమ్‌లోనూ గొడవలే. తాగారని కొందరు నర్సులను వెనక్కి పంపేశారు కూడా. సేవ ఎంత చేసినా చావులు ఆగలేదు. 1855 మార్చిలో శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాల్వలు బాగు చేయించాక సీన్ మారింది. ఫిబ్రవరిలో వందకు 42గా ఉన్న మరణాలు జూన్ నాటికి 2కు పడిపోయాయి. మనుషుల ఓపిక ఒక్కటే చాలదు, ఏర్పాట్లూ ఉండాలని అక్కడే తేలిపోయింది.

ఆమె ఒళ్లూ దెబ్బతింది. 1855 మేలో జ్వరంతో చావు అంచుకు వెళ్లొచ్చారు. 1857 నుంచి ఏళ్ల తరబడి మంచానికే పరిమితం. అయినా కలం ఆపలేదు. 1860లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సింగ్ స్కూల్ పెట్టించారు. శిక్షణకు వచ్చిన ప్రతి ఒక్కరికీ పడుకోవడానికి విడిగా గది ఇచ్చారు.

భారత్‌కు ఒక్కసారీ రాలేదు. కానీ ఇక్కడి పారిశుద్ధ్యం, కరువుల మీద మంచంలోంచే రాశారు. మన గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర సాగునీటి వాదనకు గట్టిగా మద్దతిచ్చారు. 1907లో బ్రిటన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ అందుకున్న తొలి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆమె పుట్టినరోజే అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ఆ రోజు ఫొటోకు దండ వేసి, కేక్ కట్ చేసి సరిపెడుతున్నాం. ఆమె కోరింది మాత్రం నడక తగ్గించే ఏర్పాట్లు, కంటినిండా నిద్రకు ఓ గది.

ఈసారి సిస్టర్ విసుక్కుంటే ఒక్క నిమిషం ఆగండి. ఆ రాత్రి ఆమె ఒక్కతే ఎన్ని బెడ్లు చూస్తోందో లెక్కపెట్టండి.