రుడాల్ఫ్ డీజిల్ చరిత్రము

మన వీర్నపల్లి పొలములలో దున్ను ట్రాక్టరునకును, వరికోత యంత్రమునకును పోయు తైలమును డీజిల్ అని పిలుచుచున్నాము. అది తైలము పేరని తలచువారే పెక్కుండ్రు. నిజమునకది యొక మనుష్యుని యింటిపేరు. ఆయన శ్రమయు, ఆశయు, కడగండ్లును విద్యార్థులు తెలిసికొనదగినవి.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనులు, తండ్రి తోలుపని చేసి కుటుంబమును పోషించుచుండెను. 1870లో ఫ్రాన్సునకును జర్మనులకును యుద్ధము పుట్టగా ఆ కుటుంబము ఇల్లు విడిచి లండనునకు పోవలసివచ్చెను. పండ్రెండేండ్ల రుడాల్ఫును, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణమున గణితోపాధ్యాయుడుగా నున్న బంధువునింటికి చదువుకై పంపిరి. అచ్చటి పాఠశాలలో అతడొక చిన్న సాధనమును చూచెనని చెప్పుదురు. గొట్టములోని గాలిని బలముగా నొక్కినంతనే అందలి దూది నిప్పంటుకొనును. సైకిలునకు గాలికొట్టునపుడు పంపు వేడెక్కుట మీరును ఎఱుగుదురు గదా! ఆ సూత్రమే పిమ్మట నతని యంత్రమునకు ప్రాణమయ్యెను.

మ్యూనిక్ కళాశాలలో లిండే అను ఆచార్యుని పాఠములు వినుచు, ఆవిరియంత్రము నూఱుపాళ్ల వేడిలో పదిపాళ్లైనను సరిగా పనికి తేలేదని తెలిసికొని, ఆ వృథాను తొలగింపవలెనని సంకల్పించెను. 1879లో సన్నిపాతజ్వరమువలన పరీక్ష తప్పిపోయినను, మరుసటి యేడు ఉన్నతశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. గొప్ప ఆవిరియంత్రములు ధనికుల కర్మాగారములకే చెల్లును. చిన్న పనివానికి తన యింట నడుపుకొనదగిన యంత్రము కావలెనని యాతని తలంపు. మగ్గముల సిరిసిల్లను ఎఱిగిన మనకు ఆ తలంపు విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

1893లో ఆయన పేటెంటు పొందెను. ఆ సంవత్సరము ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ యంత్రశాలలో మొదటి పరీక్ష జరుగగా, యంత్రముపైని కొలతసాధనము ప్రేలి చెల్లాచెదరయ్యెను. అయినను ఆయన విడువలేదు. మూడున్నరేండ్లు మార్చి మార్చి చూచి, 1897 ఫిబ్రవరిలో నూటికి 26 పాళ్ల వేడిని పనిగా మార్చి చూపెను. 1900లో పారిస్ ప్రదర్శనమున ఈ యంత్రములలో నొకటి వేరుసెనగనూనెతో నడువగా, నూనె మారినదని చూపరులు గుర్తింపలేదు. 1912లో డీజిల్ విత్తనముల నూనెకు ఒకనాడు నేలనూనెతో సమానమైన విలువ రాగలదని ఉపన్యసించెను.

ఆ దినమును ఆయన చూడలేదు. వ్యాజ్యములును, అనారోగ్యమును, వ్యాపారనష్టములును ఆయనను క్రుంగదీసెను. 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి ఆంట్వర్ప్ రేవునుండి ఇంగ్లండునకు పోవు ఓడలో భోజనముచేసి గదికి పోయిన ఆయన తెల్లవారునప్పటికి కానరాడయ్యెను. కొన్నాళ్లకు సముద్రమున శవము దొరకెను. అది ఎట్లు జరిగెనో నేటికిని నిర్ణయము కాలేదు. మనము తీర్పు తీర్పవలదు.

తఱువాత నేలనూనె చవుకగుటచే యంత్రములను దానికే తగినట్లు చేసిరి. చిక్కని విత్తనపునూనె వాని సన్నని రంధ్రములను మూసివేయును. 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయపు షవాన్ అను పండితుడు నూనెను ఆల్కహాలుతో కలిపి, పలుచని ఇంధనముగా మార్చు పద్ధతికి పేటెంటు పొందెను. దానినే నేడు బయోడీజిల్ అందురు. మన ఉత్తరపుదిక్కున, ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలములోని పవర్‌గూడలో ఆదివాసి స్త్రీలు కానుగమొక్కలు పెంచి, గింజలనుండి నూనె తీయ నారంభించిరి. ఆ నూనె డీజిలునకు బదులగుటచే తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు ప్రతిగా 2003లో ప్రపంచబ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించెను.

ఇట్టి తైలమును ఇంటనే చేసి కారులో పోసికొనువారును కలరు. కాని ఉత్సాహముతో పాటు జాగ్రత్తయు వలయును. దీనిని చేయుటకు వాడు మిథనాలు విషము, కన్నులు పోగొట్టును, ఇట్టే మండును, పిల్లలు తాకరాదు. సిద్ధమైన తైలము గాలి, వెలుతురు, తేమ తగిలిన చెడిపోవును. కావున పొడి పాత్రలో నిండుగా పోసి, మూత బిగించి, నీడను, నివాసపుగదులకు దూరముగా నుంచి, ఆఱు నెలలలోపుగా వాడుకొనవలెను. పాతకారుల రబ్బరుగొట్టములను అది మెత్తబఱచును. నూనె తుడిచిన గుడ్డలను కుప్పవేసిన, తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును. మొదటి పరీక్షలో ప్రేలిన యంత్రమును మఱువకుడు.

ప్రియ విద్యార్థులారా! తలాంతుల ఉపమానమును మీరు విన్నారు. డీజిల్ తనకియ్యబడినదానిని పాతిపెట్టక పనికి పెట్టెను. లాభము చూడక మునుపే గతించెను. ఆ లాభము తొంబదేండ్లకు, ఆయన యెఱుగని అడవిలో, చదువెఱుగని తల్లుల చేతికి వచ్చెను. ఈ వేసవిలో చెట్టుక్రింద రాలిన కానుగకాయను త్రొక్కి పోవునపుడు ఒక్క క్షణము నిలిచి దానిని చేతికి తీసికొనుడు.