చివరి వాక్యం దాకా వెళ్ళిన ఇల్లాలు



మీలో కొందరి ఇళ్ళలో, బీరువా మీదనో పిల్లల పాత పుస్తకాల నడుమనో, ఒక నోటుబుక్కు ఉంటుంది. అందులో ఒక కథ మొదలై ఉంటుంది. ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక తల్లి, ఆమెకొక కష్టం, అంతవరకు నాలుగైదు పేజీలు చక్కగా సాగి, ఆ మీద కాగితం ఖాళీగా ఉంటుంది. జల్‌పల్లిలో కాపురముంటూ పొద్దున్నే బస్సెక్కి చాంద్రాయణగుట్ట మీదుగా సిటీకి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవారికి కథ రాయడమంటే రాత్రి భోజనాలైన తరువాత మిగిలే అరగంట పని. మరునాడు ఆ పేజీలు చదువుకుంటే మనసుకు నచ్చవు. మొదటి పేరా కొట్టివేసి మళ్ళీ రాస్తారు. మరుసటి వారం అదే పేరా మళ్ళీ కొట్టివేస్తారు. నెల తిరిగేసరికి నోటుబుక్కు బీరువా మీదికి చేరుతుంది.

అటువంటివారికి ఈ వారం ఒక ఇల్లాలిని పరిచయం చేయాలనుకుంటున్నాను. ఆమె పేరు మీరు వినే ఉంటారు, భండారు అచ్చమాంబ గారు. తెలుగులో తొలి కథారచయిత్రిగా ఈనాడు ఎందరో ఆమెను గౌరవిస్తున్నారు. అయితే ఆ బిరుదు కంటే ముందు ఆమె రోజు ఎలా గడిచేదో చూడండి.

అచ్చమాంబ గారు 1874లో కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టినింటివారు కొమర్రాజు వారు. ఆరేళ్ళ ప్రాయంలో తండ్రి కన్నుమూశారు. ఆ కాలపు ఆచారం ప్రకారం పసితనంలోనే, భార్య పోయిన మేనమామ భండారు మాధవరావు గారికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి. అందువలన ఆమె కాపురం తెలుగుదేశానికి దూరంగా నాగపూర్, బిలాస్‌పూర్ ప్రాంతాలలో సాగింది. ఆమె ఏ బడికీ వెళ్ళలేదు. ఆడవారి చదువు మీద భర్తకు తొలిరోజుల్లో ఇష్టం లేదు. పుట్టింటివారికీ ఆ ఆలోచన లేదు.

మరి చదువు ఎలా వచ్చింది? తల్లి, తమ్ముడు ఆమె దగ్గరకే వచ్చి ఉన్నారు. తమ్ముడు ఆమెకంటే మూడేళ్ళు చిన్న. ఆ పిల్లవాడు పాఠాలు చదువుకునేటప్పుడు అక్క పక్కన కూర్చునేది. అతడు దిద్దిన అక్షరాలే తానూ దిద్దుకునేది. అలా తెలుగు వచ్చింది, హిందీ, మరాఠీ వచ్చాయి. తరువాత మరి కొన్ని భాషలు కూడా కొంత కొంత పట్టుబడ్డాయి. తమ్ముడు బడిలో నేర్చినది, అక్క వంటింటికీ వసారాకూ మధ్య నేర్చింది. మన ఇళ్ళలో తమ్ముడి పుస్తకం అక్క తెరిచి చూస్తే విసుక్కునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. వారు ఈ సంగతి గమనించాలి.

ఆ తమ్ముడే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు. మీరు జల్‌పల్లి నుండి చార్మినార్ దాటి కోఠీకి వెళితే సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాలకు చోటే కరువైన రోజుల్లో, 1901లో, ఆ గ్రంథాలయాన్ని స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. అక్క మొదటి పుస్తకం కూడా ఆ సంవత్సరమే వచ్చింది. దాని పేరు అబలా సచ్చరిత్ర రత్నమాల. వెయ్యేళ్ళ కాలంలో మన దేశంలో పేరుపొందిన ముప్పైమందికి పైగా స్త్రీల జీవితాలను ఆమె అందులో రాశారు. ఆడవారు బలహీనులనీ, బుద్ధి తక్కువవారనీ, చదివిస్తే చెడిపోతారనీ అనేవారికి వాదనతో కాక జీవితాలతో జవాబు చెప్పాలని ఆమె సంకల్పం.

ఆ పుస్తకం వెనుక ఎంత దుఃఖముందో కూడా తెలుసుకోవాలి. ఆమెకు ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. ఇద్దరూ చిన్నప్పుడే చనిపోయారు. పిల్లలను మట్టిలో పెట్టి వచ్చిన తల్లి మౌనం ఎలా ఉంటుందో విచారణలో పనిచేసే గురువులకు బాగా తెలుసు. ఆ ఇళ్ళలో గడియారం శబ్దం కూడా పెద్దగా వినిపిస్తుంది. అచ్చమాంబ గారు దిక్కులేని పిల్లలను తెచ్చి ఇంట్లో పెట్టుకుని పెంచారు, చదువు చెప్పారు. పక్కింటి ఆడవారికీ అక్షరాలు నేర్పారు. ఈ పనులన్నిటి మధ్యలో రాశారు. ఆమెకు రాత ఉద్యోగం కాదు. దాని మీద రాబడి లేదు. రాయమని అడిగినవారూ తక్కువే, రాయకపోయినా ఎవరూ నిలదీసేవారు కాదు.

ఆ కాలానికే చెందిన మరొకరు మీకు బాగా తెలిసినవారు, మన పునీత చిన్న తెరేసమ్మ గారు. ఆమె పుట్టింది 1873లో, అంటే అచ్చమాంబ గారికంటే ఒక్క ఏడాది ముందు. మఠంలో పనులన్నీ ముగిసిన తరువాత దొరికిన కాస్త సమయంలో, మఠశ్రేష్ఠురాలి ఆజ్ఞ మీద, చవకరకం నోటుబుక్కులో 1895 జనవరిలో తన బాల్య స్మృతులు రాయడం మొదలుపెట్టి, 1896 జనవరిలో ఆ పుస్తకం అప్పగించారు. ఒక్క నోటుబుక్కుకు ఒక సంవత్సరం పట్టింది. ఇప్పుడు లోకమంతా చదివే ఆ ఆత్మకథ మొదలు అదే. మీ అరగంట తక్కువ కాలమని అనుకునేవారు ఈ లెక్క చూసుకోండి.

ఇక కథ సంగతికి వస్తాను. 1902లో హిందూసుందరి అనే స్త్రీల పత్రిక మొదలైంది. సత్తిరాజు సీతారామయ్య గారు నడిపేవారు. ఆ సంవత్సరం నవంబరులో అందులో అచ్చమాంబ గారి ధనత్రయోదశి కథ అచ్చయింది. పండుగ వేళ. ఊరంతా దీపాలు, కొత్త బట్టలు. ఒక పేద ఇంట్లో మాత్రం ఏమీ లేదు. ఆ ఇంటి యజమాని ఒక ధనికుని దగ్గర చిన్న ఉద్యోగి. భార్యాపిల్లల కోసం మనసు కలత చెంది, తనది కాని సొమ్ము ఇంటికి తెస్తాడు. భార్య ఆ సొమ్ము ముట్టదు. తప్పు తెలియజెప్పి తిరిగి ఇచ్చిరమ్మని పంపుతుంది. పస్తుంటాం గాని పాపపు సొమ్ము వద్దనే ఇల్లాలు ఆమె. అక్కడినుండి కథ మంచిగానే ముగుస్తుంది.

ఈ కథలో లోపాలున్నాయని నా అభిప్రాయం, చెప్పడానికి నేను వెనుకాడను. భాష పుస్తకాల భాష. ఇల్లాలు భర్తతో మాట్లాడుతున్నట్లు కాక, ప్రసంగపీఠం ఎక్కినట్లు మాట్లాడుతుంది. (ప్రసంగాల పొడవు గురించి విచారణ గురువు మాట్లాడడం బాగుండదేమో!) మంచితనానికి ఫలితం చాలా త్వరగా వచ్చేస్తుంది. నిజ జీవితంలో సొమ్ము తిరిగి ఇచ్చిన ఎందరో ఆ రాత్రి పస్తే పడుకుంటారు. అయినా ఆ కథకు మొదలుంది, నడుమ ఉంది, చివర ఉంది. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివినవారికి అరిస్టాటిల్ మాట గుర్తుంటుంది. నాటకానికి ఆయన ముందుగా కోరినది ఈ మూడింటినే. అందం, అలంకారం తరువాతి సంగతి. అదే తత్త్వవేత్త, కాగలిగినదానికీ అయినదానికీ మధ్య ఎంత దూరముందో కూడా చెప్పాడు. మీ మనసులో ఉన్న కథ ఎంత గొప్పదైనా అది కాగలిగిన కథే. కాగితం మీద చివరి చుక్క పెట్టినప్పుడే, ఎంత వంకరగా ఉన్నా, అది అయిన కథ.

ఏడేళ్ళు దాటాయి. 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతి పత్రికలో విజయనగరం గురజాడ అప్పారావు గారి కథ ఒకటి వచ్చింది. ఆ కథలో భర్త రాత్రిళ్ళు సానిమేళాల వెంట తిరుగుతుంటాడు. భార్య ఒక ఉత్తరం రాసిపెట్టి కనబడకుండా పోతుంది. అతడు గుండె పగిలి పశ్చాత్తాపపడేసరికి మంచం కింద నుండి ఆమె నవ్వు వినిపిస్తుంది. పుస్తకాల భాష పోయి ఇంటి భాష వచ్చింది. ఉపన్యాసం పోయి నవ్వు వచ్చింది. విషయం మాత్రం చూడండి. అక్కడా భార్యే భర్తను సరిదిద్దింది, ఇక్కడా భార్యే సరిదిద్దింది. ఒకరిది చూసి మరొకరు రాశారని నేను అనడం లేదు. కాని గురజాడ వారు తన కథకు పెట్టిన పేరు దిద్దుబాటు. ఆ పేరు తలచుకున్నప్పుడల్లా నాకు అచ్చమాంబ గారి కథ గుర్తుకు వస్తుంది. మన తెలుగు కథకు ఆమెది చిత్తుప్రతి లాంటిది, ఆయనది సాపు చేసిన ప్రతి లాంటిది. చిత్తు లేనిచోట ఎవరు మాత్రం దేన్ని సాపు చేస్తారు? గురజాడ వంటివారు కూడా కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలను పూర్తి చేయకుండానే వెళ్ళిపోయారు. వాటిని ఈనాడు పరిశోధకులు తప్ప ఎవరూ చదవరు. చిన్నదైన దిద్దుబాటు కథను బడిపిల్లలూ చదివారు.

కాబట్టి నోటుబుక్కు దించిన నాడు మొదటి పేరా మళ్ళీ చదవకండి. ఆగిన చోటు నుండే రాయండి. తల్లి కష్టం ఎలా తీరిందో, తీరకపోతే ఆమె ఏం చేసిందో రాసి ముగించండి. కథలో పేరు మారిపోయినా, ఒకచోట వాన కురిసి మరో పేజీలో ఎండ కాసినా పరవాలేదు. అవి దిద్దుకునే తప్పులు. అచ్చమాంబ గారు ఇలా పది పన్నెండు కథలు రాశారు. పేద కుటుంబాల గురించి, దంపతుల తగవుల గురించి, ఆడవారి చదువు గురించి, ఎరువు తెచ్చుకున్న నగల వల్ల వచ్చే చేటు గురించి. అన్నీ చిన్నవే. పెద్ద గ్రంథం సాగుతున్నప్పుడే ఈ చిన్నవాటిని ముగించి పంపుతూ వచ్చారు.

ఆమె ఇంట్లోనే ఉండిపోలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం స్థాపించారు. మరుసటి సంవత్సరం ఆంధ్ర ప్రాంతంలో ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించారు. రైలు ప్రయాణాలే కష్టమైన కాలంలో, గుర్రపుబండ్లలోనూ ఎడ్లబండ్లలోనూ ఒక ఇల్లాలు సభలకు వెళ్ళి మాట్లాడడమంటే ఎన్ని చూపులు, ఎన్ని గుసగుసలు ఎదుర్కొన్నదో మీరే ఊహించుకోండి. అప్పటికి భర్త మనసు కూడా మారింది.

రత్నమాలను మూడు భాగాలుగా తేవాలని ఆమె ఆశ. రెండవ భాగంలో వేదకాలపు, పురాణాల స్త్రీలు, మూడవ భాగంలో విదేశాల స్త్రీలు. రెండవ భాగం రాస్తూండగానే మధ్యపరగణాలలో ప్లేగు వచ్చింది. ప్లేగు వచ్చిన ఇంటి నుండి సొంతవారే పారిపోయే రోజులవి. ఆమె రోగుల దగ్గరకు వెళ్ళి సేవ చేశారు. ఆ రోగమే ఆమెకూ అంటుకుంది. 1905 జనవరి 18న కన్నుమూశారు. అప్పటికి వయసు ముప్పై. నిరుపేద రోగి పడక పక్కన ప్రాణం పెట్టిన ఆమెను మన మతస్థురాలా కాదా అని అడగాలని నాకు అనిపించదు.

తమ్ముడు లక్ష్మణరావు గారు ఆ తరువాత విజ్ఞాన చంద్రికా మండలి నడిపారు. తెలుగులో విజ్ఞానసర్వస్వం తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. అవి అకారం దాటకముందే 1923లో ఆయనా పోయారు. అక్క తలపెట్టిన రెండవ భాగం అసంపూర్తిగా మిగిలింది, మూడవది మొదలే కాలేదు. హిందూసుందరి వంటి పాత పత్రికలలో చెదలకు వదిలేసిన ఆమె చిన్న కథలను మాత్రం సంగిశెట్టి శ్రీనివాస్ గారు వెదికి సేకరించి పుస్తకంగా తెచ్చారు. అచ్చయి నూరేళ్ళు దాటిన ధనత్రయోదశి అందులో మొదటి వాక్యం నుండి చివరి వాక్యం వరకు ఉంది. ఈ దీపావళికి ముందు ఒక సాయంత్రం ఇంట్లో పెద్దగా చదివి వినిపించండి. పిల్లలు కూర్చుని వినగలిగేంత చిన్న కథ.