మన దారిలోనే ఉన్న చరిత్ర

చారిత్రక కట్టడాలు అనగానే తాజ్‌మహల్, ఎర్రకోట, గోల్కొండ గుర్తుకొస్తాయి. వాటిని చూడాలంటే దూరం వెళ్ళాలి, డబ్బూ కావాలి. కానీ మన నాతవరం చుట్టుపక్కలే ఒక మహావీరుని జీవితం ఊళ్ళ పేర్లతో పరచుకొని ఉంది. ఆయనే అల్లూరి సీతారామరాజు.

ఆయన 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి వెంకటరామరాజు గారు మరణించారు. తల్లి సూర్యనారాయణమ్మ గారు బంధువుల అండతో పిల్లలను పెంచారు. చదువు ఊరూరా మారుతూ మధ్యలోనే ఆగిపోయింది. 1917లో ఆయన మన పొరుగునున్న కృష్ణదేవిపేట, అదే మన కె.డి.పేట చేరారు. మూలికా వైద్యం చేస్తూ, తాగుడు మాన్పిస్తూ, తగవులు తీరుస్తూ మన్యం ప్రజలకు ఆత్మీయులయ్యారు.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. దానికి తోడు గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు వేయిస్తూ, చాలీచాలని కూలీతో వాళ్ళ చేత బలవంతంగా పని చేయించాడు. గాం గంటందొర, మల్లుదొర సోదరుల వంటి బాధితులు రాజుగారితో కలిశారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి 26 తుపాకులు తీసుకున్నారు. తీసుకున్న వాటి లెక్క రాసి సంతకం చేయడం రాజుగారి పద్ధతి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు హతులయ్యారు. ప్రభుత్వం మలబారు పోలీసులను, తర్వాత అస్సాం రైఫిల్స్‌ను దింపింది. 1924 మే 7న మంప వద్ద రాజుగారిని పట్టుకొని, కొయ్యూరులో విచారణ లేకుండానే కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు. గంటందొర మరుసటి నెలలోనే ప్రాణాలర్పించారు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో పార్లమెంటు సభ్యులయ్యారు.

మిత్రులారా! రాజుగారి సమాధి కె.డి.పేటలో ఉంది. చనిపోయిన ఆ ఇద్దరు అధికారులకూ నర్సీపట్నంలో సమాధులు కట్టారు. మరి ఆకలి కడుపుతో కొండను తొలిచిన ఆ కూలీలకు ఏ రాయి మీద పేరుంది? మాకు తోచినంతవరకు ఆ ఘాట్ రోడ్డే వాళ్ళ స్మారకం. లంబసింగి చూడాలని బస్సెక్కినప్పుడు మన చక్రాల కింద ఉన్నది వాళ్ళ చెమటే. మనలో చాలామందిమి కూలి చేసుకునే ఇళ్ళ నుండే ఈ హాస్టల్‌కు వచ్చాం. కాబట్టి ఆ చరిత్ర మనకు పరాయిది కాదు.

అందుకే ఈ సెలవుల్లో కె.డి.పేట, కొయ్యూరు, చింతపల్లి చూసి రండి. మీ ఊరి పెద్దలను అడిగి, తాతముత్తాతల నుండి విన్న సంగతులు నోటు పుస్తకంలో రాసుకోండి. వాళ్ళు లేని రోజున ఆ కాగితమే సాక్ష్యం. అక్షరం నేర్చిన మనం ఆ పని చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

ఆ వీరునికి, పేరు దక్కని ఆ శ్రమజీవులకు మా జోహార్లు.