అంగలతో హిమాలయాన్ని కొలిచిన పండితుడు

ఉగాది అనగానే మనకు వేపపూత, మామిడిపిందె జ్ఞాపకం వస్తాయి. అదే చైత్రమాసంలో హిమాలయపు ఎత్తులను మంచు ఇంకా వదలదు. పగటి ఎండకు బాట కరిగి చిత్తడి అవుతుంది. రాత్రికి మళ్ళీ గడ్డకట్టి అద్దంలా నున్నబడుతుంది. అటువంటి దారులలో నడకనే కొలబద్దగా చేసుకొన్న పండిత నైన్‌సింగు రావత్ జీవితాన్ని ఈ పండుగనాడు స్మరించుకొందాము.

నైన్‌సింగు 1830లో కుమావూన్‌లోని జోహార్ లోయలో, మిలం గ్రామంలో జన్మించాడు. అక్కడివారికి రెండేసి ఊళ్ళు. చలికాలమంతా దిగువన గడిపి, మంచు సడలగానే గొర్రెలమీద, మేకలమీద సరుకులు వేసుకొని మిలం చేరేవారు. అక్కడినుండి కనుమలు దాటి టిబెట్టుతో వర్తకం చేసేవారు. మంచు గట్టిగా ఉండగానే తెల్లవారుజామున కనుమ ఎక్కాలి, ఎండ ముదిరితే కాలు దిగబడుతుంది అన్న పాఠం ఆ కొండబిడ్డలకు పుస్తకాలతో వచ్చినది కాదు.

నైన్‌సింగు కొంతకాలం మిలం బడిలో ఉపాధ్యాయుడు. పండితుడనే పేరు అలా వచ్చింది. చెన్నపట్టణం చెంత పరంగిమల వద్ద 1802లో ఆరంభమైన దేశపు కొలత అప్పటికి హిమాలయాన్ని చేరింది. టిబెట్టులోకి తెల్లవారికి ప్రవేశం లేదు. అందుచేత సర్వేశాఖవారు 1863లో నైన్‌సింగునూ, ఆయన దాయాది మణిసింగునూ డెహరాడూనులో శిక్షణకు చేర్చుకొన్నారు. ఎక్కుడైనా దిగుడైనా అంగ మారరాదు. మైలుకు సుమారు 2,000 అంగలు. చేతి జపమాలకు 108 పూసలకు బదులు 100 పూసలే. నూరంగలకొక పూస జరిపితే, మాల తిరిగేసరికి అయిదు మైళ్ళు. కొలతల చీటీలు ప్రార్థనాచక్రంలో దాగేవి. మరిగే నీటి వేడినిబట్టి ఎత్తు లెక్కకట్టేవాడు.

మెత్తని మంచులో అంగ కురచబడుతుంది, జారుడు బాటలో కాలు తనంత తానే తడబడుతుంది. నిలదొక్కుకోవడమే గగనమైన చోట లెక్క తప్పకుండా నడవడం ఎంతటి దీక్షో మనం ఊహించుకోవచ్చు. పైగా గుట్టు బయటపడితే ప్రాణానికే ముప్పు. 1865లో నేపాళం మీదుగా బయలుదేరి, 1866 జనవరిలో లాసా చేరాడు. ఏప్రిల్‌లో అక్కడినుండి వెనుదిరిగి, సాంగ్‌పో నది వెంట పడమరగా మానససరోవరం వైపు నడిచాడు. ఆ ప్రయాణంలో కొలిచిన దారి సుమారు 1,200 మైళ్ళు, అంటే దాదాపు 25 లక్షల అంగలు! లాసా ఉనికి, ఎత్తు పటానికి ఎక్కాయి. అయినా తొలుత ప్రకటించిన నివేదికలలో ఆయన పేరు లేదు. పండితుడని మాత్రమే వ్రాశారు.

1874-75లో లేహ్ నుండి లాసా మీదుగా తవాంగ్ వరకు మరొక మహాయాత్ర సాగించాడు. 1877లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ స్వర్ణపతకం ఇచ్చింది. స్వతంత్ర భారతం 2004లో తపాలాబిళ్ళ వెలువరించింది.

1962 యుద్ధంతో టిబెట్టు వర్తకం ఆగిపోయింది. మిలంలో ఇళ్ళు చాలావరకు పాడుబడ్డాయి. పొట్టకూటికై ఊరు దాటి వచ్చిన మన పెద్దల నడకను మాత్రం ఎవరూ లెక్కించలేదు. తరతరాలుగా ఊరినుండి ఊరికి నడిచిన ఒక జాతిబిడ్డ తన నడకను దేశానికి పటంగా మిగిల్చాడు. ఆయన కథను మన పిల్లలకు చెప్పుకొందాము.