స్టాంపుకెక్కని నవాబు

రాజు ఉన్నచోట తపాలా బిళ్ళ మీద రాజు తలకాయ ఉండటం లోకంలో మామూలే. 1840లో ఇంగ్లాండులో పుట్టిన మొట్టమొదటి బిళ్ళ మీద విక్టోరియా రాణి ఉంది. మన దేశపు బిళ్ళల మీద జార్జి చక్రవర్తులుండేవారు. జైపూరు, కొచ్చిన్ వంటి సంస్థానాల రాజులు కూడా తమ ముఖాలను దర్జాగా వేయించుకున్నారు. ఎన్నో ఏళ్లుగా స్టాంపులు పోగుచేస్తున్న నాకు హైదరాబాద్ బిళ్ళల వరుస చూసినప్పుడల్లా ఒకటే వింత. 1911లో గద్దెనెక్కి 1948 దాకా ఏలిన మీర్ ఉస్మాన్ అలీఖాన్, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డ నవాబు, తన రాజ్యపు ఒక్క స్టాంపు మీదనైనా కనిపించరు. నాణేల మీదా అంతే. అక్కడ చార్మినార్ ఉంటుంది. దాని ద్వారంలో ఆయన పేరులోని మొదటి అక్షరం ‘ఐన్’ మాత్రం దూరి ఉంటుంది, చూసే కళ్లుంటే!

కాబట్టి ఆయన కథను ఆ బిళ్ళల దారినే చెబుతాను.

ఉస్మాన్ అలీఖాన్ 1886లో పుట్టారు. తండ్రి మహబూబ్ అలీ పాషా కాలంలో, 1908లో, మూసీ వరద హైదరాబాదును ముంచేసింది. విశ్వేశ్వరయ్యగారి సలహా మీద కట్టిన ఉస్మాన్ సాగర్ కొడుకు హయాంలో 1920కి పూర్తయింది. 1931లో వచ్చిన కొత్త స్టాంపుల్లో నాలుగణాల బిళ్ళ మీద ఉన్నది ఆ చెరువే. ఒక అణా మీద చార్మినార్, రెండణాల మీద మూసీ ఒడ్డున హైకోర్టు, ఎనిమిదణాల మీద అజంతా గుహల వాకిలి, పన్నెండణాల మీద బీదరు మదర్సా, రూపాయి మీద దౌలతాబాదు మినారు. తెలుగు, మరాఠీ, కన్నడ సీమలన్నీ ఒక్క లిఫాఫా మీద అంటించవచ్చునన్నమాట. అయితే మన ఓరుగల్లు కాకతీయ తోరణానికి వంతు వచ్చేసరికి 1947 అయింది. అప్పటికి రాజ్యానికి మిగిలింది ఏడాది.

ఆ బిళ్ళలు రాజ్యం లోపలే చెల్లేవి. సిద్దిపేట నుంచి కరీంనగరుకు ఉత్తరం రాస్తే నిజాం స్టాంపు చాలు. బెజవాడకు రాయాలంటే అంగ్రేజీ స్టాంపు కావాలి. హాలీ రూపాయి వేరు, కల్దారు వేరు అయినట్టే ఇదీను.

1931 స్టాంపు మీద ధర తెలుగు లిపిలో కూడా ఉంటుంది. దీన్ని చూసి మురిసిపోవాలో, ఏమనాలో నాకు తోచదు. రాజ్యంలో అందరికన్నా ఎక్కువమంది మాట్లాడేది తెలుగే. కానీ కచేరీలో గాని, పెద్ద చదువులో గాని దానికి చోటు లేదు. అంతకు ముందు ఏడాదే, 1930లో, అప్పటి మన మెదక్ జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్లు తమ భాష కోసం, బడుల కోసం, గ్రంథాలయాల కోసం అడగటానికి అక్కడ కూడారు. బిళ్ళ మీద అణా పైసల లెక్కకు దొరికిన జాగా పాఠ్యపుస్తకంలో దొరకలేదు.

అలాగని ఆయన చదువుకు చేసింది తక్కువేం కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. ఇంగ్లీషు కాకుండా ఒక దేశభాషలో, ఉర్దూలో, వైద్యం దాకా బోధించాలని సాహసించారు. పుస్తకాలు తర్జుమా చేయటానికి ప్రత్యేకంగా ఒక శాఖే పెట్టించారు. ఆ ఉర్దూ తెలుగు పిల్లవాడికి పరాయిదే గదా అన్నది వేరే మాట.

చక్రవర్తి ఐదవ జార్జి (ఆయన పేరుమోసిన స్టాంపుల సేకర్త సుమా) చనిపోవటం వల్ల వెనక్కు జరిగిన నిజాం రజతోత్సవం 1937 ఫిబ్రవరిలో జరిగింది. అప్పుడైనా ముఖం వస్తుందనుకుంటాం. రాలేదు. యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా యూనివర్సిటీ, జూబిలీ హాలు, ఈ నాలుగే వచ్చాయి. ఒక అణా బిళ్ళ యూనివర్సిటీది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గాని ప్రారంభం కాలేదు, అంతకు రెండేళ్ల ముందే యూనివర్సిటీ స్టాంపుకెక్కిందన్నమాట. ముఖం మాత్రం అదే నెలలో అమెరికాలో టైమ్ పత్రిక అట్ట మీద అచ్చయింది!

ఆ మరుసటి ఏడాది, 1938లో, వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొట్టారు. వందలమంది నాగపూరు పోయి చదువుకోవలసి వచ్చింది. వాళ్లలో పి.వి. నరసింహారావుగారు ఒకరు. అణా బిళ్ళ చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆ భవనంతోపాటు వాళ్లూ గుర్తుకొస్తారు.

జేకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నారని, చిరిగిన షేర్వాణీలు తొడిగారని కథలు చాలా ఉన్నాయి. అవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. పల్లెల్లో వెట్టి చాకిరీ, దొరల గడీలు, 1946లో లేచిన రైతుల సాయుధ పోరాటం, రజాకార్ల ఆగడాలు ఏ స్టాంపు మీదా లేవు. 1948 సెప్టెంబరులో ఐదు రోజుల పోలీసు చర్యతో రాజ్యం పోయింది. 1950 ఏప్రిల్ నుంచి నిజాం బిళ్ళల స్థానంలో భారత స్టాంపులు వచ్చాయి.

1954లో ఢిల్లీలో, భారత తపాలా బిళ్ళకు నూరేళ్లు నిండిన సందర్భంగా, అంతర్జాతీయ స్టాంపుల ప్రదర్శన జరిగింది. అప్పటికి ఆయన బిళ్ళలు చలామణీ నుంచి పోయి నాలుగేళ్లు. ఆయన మాత్రం రాజప్రముఖ్ హోదాలో హైదరాబాదులోనే ఉన్నారు. తన స్టాంపులు తన కళ్లముందే పురావస్తువులు కావటం ఎంతమంది రాజులు చూసి ఉంటారు? 1956లో రాష్ట్రమే మూడు ముక్కలై ఆ పదవీ పోయింది. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో, తల్లి సమాధి పక్కనే ఆయన సమాధి ఉంది.

ఢిల్లీలో 1980లోనూ, 2011లోనూ మళ్లీ ప్రపంచ ప్రదర్శనలు జరిగాయి. ఇలాంటి చోట్ల సంస్థానాల స్టాంపులకు మంచి గిరాకీ. న్యాయనిర్ణేతలు బిళ్ళ వెల ఒక్కటే చూడరు. అది ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎంత రేటుకు వాడింది, ఏ దారిన పోయింది అని అడుగుతారు. అందుకే విడి బిళ్ళ కన్నా ఉత్తరంతో ఉన్న కవరుకు విలువ. మీ తాతల సందుగుల్లో సిద్దిపేట ముద్ర పడ్డ నిజాం కాలపు లిఫాఫా దొరికితే దయచేసి బిళ్ళను కత్తిరించకండి, నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. ఉత్తరంతో సహా అలాగే ఉంచండి.